రిటైరవుతున్న క్రెడిట్ మేనేజర్ అనుభవాన్ని ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌లో పెట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ: మీది రైస్ మిల్లులకు, మిర్చి వ్యాపారులకు, చిన్న షాపులకు అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీ. ముప్ఫై ఏళ్లుగా ఫైళ్లు చూస్తున్న క్రెడిట్ మేనేజర్ గారు వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. ఆయనకు తెలిసిందంతా కంప్యూటర్‌లో ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌గా పెట్టే పనిని మీ ఎండీ గారు మీకు అప్పగించారు. ఇది ఎనభైల నాటి టెక్నాలజీ కదా, చాట్‌జీపీటీ వచ్చాక కూడా పనికొస్తుందా, పనికొస్తే శాంక్షన్ నిర్ణయం దానికే వదిలేయొచ్చా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. పనికొస్తుంది. కానీ ఆయనకు తెలిసిందంతా అందులోకి రాదు. శాంక్షన్ మాత్రం దానికి వదలకండి. రోజూ వచ్చే ఒకే తరహా ఫైళ్లలో ఏం చూడాలి, ఏది ముందు చూడాలి, ఎక్కడ ఆగాలి అని కొత్త ఆఫీసర్‌కి గుర్తుచేసే సలహాదారుగా అది బాగా పనిచేస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే చిక్కు ఫైలులో దాని మాట వినడం ప్రమాదం. అలాంటి ఫైలు తన వల్ల కాదని ఒప్పుకుని పైకి పంపేలా దాన్ని కట్టాలి. అప్పులిచ్చే సంస్థలకు, కొన్ని ఫ్యాక్టరీలకు ఇలాంటి రూల్ సిస్టమ్‌లు కట్టడమే చాలా ఏళ్లుగా నా పని. ఆ అనుభవంతో మిగతా సంగతులు చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

ముందు అది ఏమిటో రెండు మాటలు. ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌లో ముఖ్యమైన భాగాలు రెండు. ఒకటి, "ఇలా ఉంటే ఇలా చెయ్యి" అనే నియమాల పట్టీ. రెండోది, ఆ నియమాలను మీ ముందున్న ఫైలుకు వర్తింపజేసే ఇన్ఫరెన్స్ ఇంజిన్. ఇవి విడివిడిగా ఉండటం వల్ల రెండు లాభాలు. నియమం మారితే ప్రోగ్రాం మొత్తం తిరగరాయక్కర్లేదు. "ఎందుకు అలా అన్నావు" అని అడిగితే ఏ నియమం వల్ల ఆ సలహా వచ్చిందో అది చూపించగలదు. సంస్థలో నిర్ణయం తీసుకునేవాళ్లకు ఈ రెండోదే ముఖ్యం. కారణం తెలియని సలహా మీద ఎవరూ సంతకం పెట్టలేరు, పెట్టకూడదు కూడా.

మీ వ్యాపారం నుంచే ఒక నియమం చూడండి. "మిల్లు గోడౌన్‌లో చూపించిన ధాన్యంలో సీఎంఆర్ ధాన్యం ఉంటే, దాన్ని నిల్వ విలువలోంచి తీసెయ్యి." కస్టమ్ మిల్లింగ్ కోసం ప్రభుత్వం ఇచ్చిన ధాన్యం మిల్లరుది కాదు. ఆయన దాన్ని ఆడించి బియ్యం తిరిగి అప్పజెప్పాలి. గోడౌన్ నిండా బస్తాలు కనిపించినా వాటిలో తాకట్టుకు పనికొచ్చేవి కొన్నే ఉండొచ్చు. మీ మేనేజర్ గారికి ఇది ఊపిరి పీల్చినంత సహజం. ఆరు నెలల క్రితం చేరిన ఆఫీసర్ మాత్రం స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకెను అలాగే రాసేస్తాడు. ఇలాంటి చోట ఎక్స్‌పర్ట్ సిస్టమ్ విలువ కనిపిస్తుంది.

మీ పరిస్థితి కొత్తదేమీ కాదు. 1980ల మధ్యలో అమెరికాలోని క్యాంప్‌బెల్ సూప్ కంపెనీకి సరిగ్గా ఇదే సమస్య వచ్చింది. సూప్ డబ్బాలను వేడిచేసి క్రిములు చంపే పెద్ద కుక్కర్లు ఆగిపోతే అసలు లోపమెక్కడో పట్టుకోగలిగిన వ్యక్తి ఆల్డో సిమినో. నలభై ఏళ్లకు పైగా సర్వీసు, రిటైర్మెంటు దగ్గరపడింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ వాళ్లు ఆయనతో నెలల తరబడి కూర్చుని, ఆయన లోపాలు పట్టే తీరును 151 నియమాల్లోకి తెచ్చారు. మామూలు పర్సనల్ కంప్యూటర్ మీద నడిచే ఆ సిస్టమ్‌ని ఫ్యాక్టరీ సిబ్బంది చేతికిచ్చారు. ఈ కథలో గమనించాల్సింది ఆ 151 అనే అంకె. నలభై ఏళ్ల అనుభవంలో రోజూ అక్కరకొచ్చే భాగం అంత చిన్నది. ఎందుకంటే పని హద్దు చిన్నది: ఒక రకం యంత్రం, దాని రిపేర్లు, అంతే. మీరు కూడా "క్రెడిట్ మొత్తం" అని మొదలుపెట్టకండి. "రైస్ మిల్లులకు వర్కింగ్ క్యాపిటల్ రెన్యువల్" అని, అంటే రోజువారీ వ్యాపారానికిచ్చిన అప్పును ఏటా కొనసాగించడమని, ఒక్క పని తీసుకోండి. ఏడాదికోసారి తిరిగి వచ్చే ఫైళ్లు కాబట్టి పాత రికార్డు ఉంటుంది, అప్పుడు తీసుకున్న నిర్ణయం ఏమైందో కూడా తెలుస్తుంది.

ఇక అసలు కష్టమైన పనికి వస్తాను. నిపుణుడి నుంచి జ్ఞానం బయటికి తీయడం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఈ రంగానికి పునాది వేసిన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ బృందం మొదటినుంచీ చెప్పింది కూడా ఇదే: సాఫ్ట్‌వేర్ కంటే ఈ మెట్టు దగ్గరే పని నత్తనడక నడుస్తుంది. నేను చూసిన ప్రాజెక్టుల్లో చాలావరకు ఇక్కడే కుంటుపడ్డాయి.

కాన్ఫరెన్స్ రూంలో కూర్చోబెట్టి "సార్, మీరు ఫైలు ఎలా చూస్తారో చెప్పండి" అని అడిగితే కంపెనీ పాలసీ పుస్తకంలో ఉన్నదే తిరిగి వినిపిస్తుంది. ఆయన దాచుకుంటున్నారని అనుకోవద్దు. బాగా అలవాటైన పనిలోని మెట్లు చేసేవాళ్లకే కనిపించవు. ఒక సంస్థలో ఒక సీనియర్ గారు ముందు సిబిల్ స్కోరు, తర్వాత బ్యాలెన్స్ షీటు, తర్వాత ఐటీ రిటర్నులు చూస్తానని చెప్పారు. పాత ఫైళ్లు చేతికిచ్చి చూస్తే ఆయన చెయ్యి ముందు వెళ్లింది కరెంటు బిల్లుల వైపు. యూనిట్లు చూసి, అమ్మకాల అంకె చూసి, అప్పుడు తల ఎత్తి "వీళ్ల బ్యాలెన్స్ షీటు తియ్యి" అన్నారు. మాటల్లో చెప్పిన క్రమం వేరు, చేతులు చేసిన క్రమం వేరు. మనకు కావాల్సింది ఆ చేతుల క్రమం.

అందుకే ఆయన ముందు ప్రశ్నలు పెట్టకండి, ఫైళ్లు పెట్టండి. పేర్లు కప్పేసి, చివరి నిర్ణయం తీసేసి ఒక్కో ఫైలు ఇవ్వండి. చూస్తున్నంతసేపు మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమనండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పక్కన కూర్చున్నవాళ్లు "అదెందుకు సార్" తప్ప ఇంకేమీ మాట్లాడకూడదు. బాగా నడిచిన అప్పులే కాదు, మొండి బాకీలైనవి, మీరు ఇవ్వనన్నవి కూడా కలపండి. ఇవ్వనన్న ఫైళ్లలో నియమాలు చాలా తేటగా బయటపడతాయి.

ఇంతకంటే బాగా పనిచేసే పద్ధతి ఒకటుంది. పైకి ఒకేలా కనిపించే రెండు ఫైళ్లు తీయండి, ఒకటి ఆయన ఇచ్చింది, ఇంకోటి ఆపింది. రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఏమిటని అడగండి. ఇలా ఒకసారి మేం రెండు మిల్లుల ఫైళ్లు పెట్టాం. రెండింటిలోనూ అమ్మకాలు పెరిగాయి, కరెంటు వాడకం తగ్గింది. అక్కడి సీనియర్ గారు ఒకదాన్ని ఆపి, రెండోదానికి ఇచ్చారు. అడిగితే తెలిసింది: రెండో మిల్లరు సీజన్ అయిపోయాక వేరే మిల్లుల బియ్యం కొని అమ్ముతాడు. ఆడించకుండా అమ్మితే యూనిట్లు పెరగవు. అతని జీఎస్టీ రిటర్నుల్లో బియ్యం కొనుగోళ్లు కనిపించాయి. మొదటి మిల్లులో అలాంటి కొనుగోళ్లేవీ లేవు. అంటే అమ్మకాల అంకె మీదే అనుమానం. "అమ్మకాలు పెరిగి యూనిట్లు తగ్గితే ఆపు" అనే ఒక్క నియమంతో పోతే నిజాయితీగా వ్యాపారం చేసుకునే రెండో మనిషి కూడా ఆగిపోయేవాడు. అప్పుడు నియమం ఇలా మారింది: "అమ్మకాలు పెరిగి, యూనిట్లు తగ్గి, బియ్యం కొనుగోళ్లు కూడా కనిపించకపోతే, ఫీల్డ్ విజిట్ లేకుండా ముందుకు పంపకు." ఈ మూడో షరతు ఆయన ఇంటర్వ్యూలో ఎప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడిగీ ఉండరు.

ధాన్యం లెక్క కూడా ఇలాంటిదే. సీఎంఆర్‌లో క్వింటా ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగి ఇవ్వాలన్నది ప్రభుత్వ లెక్క. మిల్లు కొన్న ధాన్యం, అమ్మిన బియ్యం, మిగిలిన నిల్వ ఈ నిష్పత్తికి ఎంత దూరంలో ఉన్నాయో చూడటం కంప్యూటర్‌కి క్షణం పని. మనిషి మాత్రం ప్రతి ఫైలులో ఓపిగ్గా ఈ లెక్క వేయడు, నెలాఖరు టెన్షన్‌లో అసలు వేయడు. మిర్చి ఫైళ్లలో అయితే కోల్డ్ స్టోరేజీ రసీదుల సంగతి: అవే బస్తాల మీద ఇంకెక్కడైనా అప్పు తీసుకున్నారా అనేది ప్రతిసారీ, ఎంత తెలిసిన మనిషైనా సరే, అడిగి తీరాలి. మొహమాటం లేకుండా అడగడం యంత్రానికి సులువు.

రెండో నిపుణుడిని తప్పకుండా పిలవండి. అవే ఫైళ్లు ఇంకో అనుభవజ్ఞుడికి విడిగా చూపించండి. ఇద్దరూ ఒకే మాట చెప్పినవి నియమాలవుతాయి. ఇద్దరూ వేరు వేరుగా చెప్పినవి నియమాలుగా రాయకండి. ఒకచోట అన్నదమ్ముల భాగస్వామ్య సంస్థల ఫైళ్ల దగ్గర ఇద్దరు సీనియర్లకు ఎప్పుడూ పడేది కాదు. ఒకరు తండ్రి పోయాక రెండేళ్లు ఆగాలంటారు, ఇంకొకరు కొడుకుల్లో లెక్కలు చూసేది ఎవరో తెలిస్తే చాలంటారు. ఇద్దరి దగ్గరా ఉదాహరణలున్నాయి. అక్కడ మేం సిస్టమ్‌లో పెట్టింది ఒకే ఒక్క వాక్యం: "కుటుంబ భాగస్వామ్యంలో ఈమధ్య మార్పు ఉంది, కమిటీకి పంపండి." నిపుణులకే ఏకాభిప్రాయం లేని చోట యంత్రం చేత తీర్పు చెప్పిస్తే, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల అభిప్రాయమే కంపెనీ నియమమై కూర్చుంటుంది.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. అనుభవంతో పాటు పక్షపాతాలూ వస్తాయి. "ఫలానా ఊరివాళ్లకు ఇవ్వొద్దు", "ఫలానా వాళ్లు కట్టరు" అనే మాటలు ఇంటర్వ్యూల్లో తప్పకుండా వినిపిస్తాయి. ఊరు, కులం, ఇంటిపేరు మీద నడిచే ఒక్క నియమం కూడా లోపలికి రానివ్వకండి. మనిషి మనసులో ఉన్నప్పుడు ఆ మాట ఒక్కోసారి సడలుతుంది, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి మారుతుంది. కంప్యూటర్‌లోకి ఎక్కితే ప్రతి ఫైలు మీదా, ప్రతిసారీ, ఎవరికీ కనపడకుండా పనిచేస్తుంది. అలాంటి మాట వచ్చినప్పుడు "ఆ ఊళ్లో ఏం జరిగింది సార్" అని తవ్వండి. కాలువ చివరి ఊరు కాబట్టి నీళ్లందక ధాన్యం రాలేదనో, ఒకే దళారి అందరికీ ష్యూరిటీ పెట్టాడనో అసలు కారణం బయటపడుతుంది. ఆ కారణాన్ని నియమంగా రాయండి, అది ఏ ఊరికైనా వర్తిస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: నిర్ణయం దానికే వదిలేయొచ్చా?

ఇక్కడ మూడు పాత అనుభవాలు చెప్పాలి. మొదటిది మైసిన్. 1970ల్లో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ కట్టిన వైద్య సలహా సిస్టమ్ ఇది. రక్తంలో, మెదడు పొరల్లో వచ్చే ఇన్‌ఫెక్షన్లకు ఏ మందు ఇవ్వాలో చెప్పేది. 1979లో అచ్చయిన ఒక పరీక్షలో 10 మెనింజైటిస్ కేసులకు మైసిన్ ఇచ్చిన సలహాలను, స్టాన్‌ఫర్డ్ వైద్య నిపుణుల సలహాలను పక్కపక్కన పెట్టి, ఎవరిది ఏదో చెప్పకుండా బయటి నిపుణులకిచ్చారు. మైసిన్ సలహాల్లో 65 శాతం ఆమోదయోగ్యమన్నారు. అక్కడి నిపుణులకు వచ్చినవి 42.5 నుంచి 62.5 శాతం మధ్య. అంత బాగా చేసినా అది ఆసుపత్రి వార్డుల్లో రోజువారీ వాడకంలోకి రాలేదు. ఒక్కో రోగి గురించి టెర్మినల్ ముందు కూర్చుని బోలెడు ప్రశ్నలకు టైపు చేసి జవాబులివ్వాలి, డాక్టర్ల పని తీరులో దానికి చోటు లేదు. తప్పు జరిగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకూ జవాబు లేదు. మీ విషయంలో దీని అర్థం: మీ లోన్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికే ఎక్కించిన వివరాలను మళ్లీ టైపు చేయమంటే మీ బ్రాంచి వాళ్లు దాన్ని పదిహేను రోజులు కూడా వాడరు.

రెండోది అమెరికన్ ఎక్స్‌ప్రెస్. 1980ల చివర్లో వాళ్లు ఆథరైజర్స్ అసిస్టెంట్ అనే సిస్టమ్ వాడకంలోకి తెచ్చారు. కార్డు మీద మామూలుకు మించిన కొనుగోలు వస్తే ఒప్పుకోవాలా వద్దా అని ఒక ఉద్యోగి అప్పటికప్పుడు తేల్చాలి. అవతల కస్టమర్ షాపులో నిలబడి ఉంటాడు. సిస్టమ్ పలు డేటాబేస్‌ల నుంచి ఆ కస్టమర్ వివరాలు పోగుచేసి, తన సలహా, దానికి కారణం ఒకే తెర మీద చూపించేది. ఒప్పుకోవడం, కాదనడం ఆ ఉద్యోగి చేతిలోనే. పేరులోనే ఉంది, అది సహాయకుడు. మీరు కట్టాల్సింది ఈ మాదిరిదే.

మూడోది మిషిగన్ రాష్ట్రం. అక్కడ నిరుద్యోగ భృతిలో మోసాలు పట్టడానికి 2013లో మైడాస్ అనే సిస్టమ్ పెట్టారు. కట్టిన నియమాలను బట్టి, మనిషి చూడకుండానే, అది జనాన్ని మోసగాళ్లుగా తేల్చి జరిమానాలు వేసింది. తర్వాత తిరగదోడిన 22,427 కేసుల్లో 93 శాతం తప్పని తేలింది. మొత్తం మీద దాదాపు 40,000 మంది మీద అబద్ధపు ముద్ర పడింది. జీతాల్లోంచి, పన్ను రీఫండ్‌ల్లోంచి డబ్బు పట్టుకున్నారు, కొందరు దివాలా తీశారు. మనకూ ఇది దూరపు సంగతి కాదు. తెలంగాణలో కంప్యూటర్ జల్లెడతో రద్దైన రేషన్ కార్డుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దు చేసిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022లో కోర్టు ఆదేశించింది. కార్డు పోయిన ఇంట్లో బియ్యం ఆగిపోతాయి. సిస్టమ్‌లో అది ఒక వరుస మాత్రమే.

కాబట్టి నేను కట్టే వాటిల్లో "రిజెక్ట్" అనే జవాబే ఉంచను. మూడు జవాబులే ఉంటాయి: ముందుకు పంపొచ్చు, ఈ ఫలానా సంగతి తేల్చుకుని రండి, కమిటీకి పంపండి. కాదనాలంటే ఒక మనిషి కాదనాలి, తన పేరుతో, కారణం రాసి. బ్యాంకులకైతే ఆర్‌బీఐ ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్ ప్రకారం అప్పు ఇవ్వనప్పుడు ప్రధాన కారణాలు రాతపూర్వకంగా చెప్పాల్సిందే. అప్పు అడిగిన మనిషికి "కంప్యూటర్ ఒప్పుకోలేదు" అన్నది జవాబు అవదు. అలాగే సలహా మీద ఎంత నమ్మకమో 78 శాతం, 83 శాతం అని అంకెలు చూపించడం కూడా వద్దంటాను. మైసిన్‌లో ప్రతి నియమానికీ నమ్మకపు అంకె ఉండేది, పరిశోధనకు అది బాగుంది. బ్రాంచిలో మాత్రం ఆఫీసర్ ఆ అంకెను చూసి ఫైలు చదవడం మానేస్తాడు.

దానికి విరుగుడు ఒకటుంది, తప్పక పెట్టండి. ఆఫీసర్ ముందు తన అభిప్రాయం నాలుగు వాక్యాల్లో రాయాలి. అది సేవ్ చేశాకే సిస్టమ్ సలహా తెరుచుకోవాలి. రెండూ కలవకపోతే ఏదైనా ఎంచుకోవచ్చు, ఎందుకో ఒక లైను రాయాలి. ఆ లైన్ల పుస్తకం మీ కంపెనీకి ఆ సిస్టమ్ కంటే విలువైనదవుతుంది. నెలకోసారి కూర్చుని చదివితే ఏ నియమం పాతబడిందో, ఏ ఆఫీసర్‌కి శిక్షణ కావాలో రెండూ తెలుస్తాయి.

నియమాలకు ఒక యజమాని కావాలి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే అమెరికా కంప్యూటర్ కంపెనీ వారి ఎక్స్‌కాన్ సిస్టమ్ ఈ రంగంలో అందరూ చెప్పుకునే విజయం. ఆ కంపెనీ తయారుచేసే వాక్స్ కంప్యూటర్‌కి ఆర్డరు వస్తే దానికి ఏ భాగాలు, ఏ కేబుళ్లు కావాలో సరిచూసేది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో జాన్ మెక్‌డెర్మాట్ 1978లో మొదలుపెట్టారు, 1980లో కంపెనీ వాడకంలోకి తెచ్చింది. 1986కల్లా 80,000 ఆర్డర్లు చూసింది, ఖచ్చితత్వం 95 నుంచి 98 శాతం, ఏటా సుమారు రెండున్నర కోట్ల డాలర్ల ఆదా అని లెక్కగట్టారు. ఇంతవరకే అందరూ చెప్తారు. దాని వెనక సంగతి: మొదట్లో దాదాపు 750 ఉన్న నియమాలు పెరుగుతూ పెరుగుతూ పదివేలు దాటాయి. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా పాతవి మార్చాలి. దానికోసమే ప్రత్యేకంగా మనుషులుండేవారు. అంత బలగం మీకు అక్కర్లేదు, కానీ ఒక మనిషి పేరు మాత్రం ఉండాలి.

లేకపోతే ఏమవుతుందో ఒక అప్పుల సంస్థలో చూశాను. అక్కడి సిస్టమ్ కట్టింది వ్యాట్ రోజుల్లో. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. వ్యాట్ రిటర్నుల అంకె అడిగే ప్రశ్నలు తెర మీద అలాగే ఉండిపోయాయి, మార్చే బాధ్యత ఎవరికీ లేదు. అంకె వేయకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు కాబట్టి ఆఫీసర్లు ఏదో ఒక అంకె వేసి ముందుకెళ్లడం నేర్చుకున్నారు. అలా ఒక ప్రశ్నకు దొంగ అంకె వేయడం అలవాటైతే మిగతా ప్రశ్నలకూ అదే చేస్తారు. కొన్నాళ్లకు ఆ సిస్టమ్‌లోని ఏ వివరాన్నీ నమ్మలేని స్థితి వచ్చింది. అందుకని ప్రతి నియమానికీ ఒక నంబరు, ఎవరు చెప్పారు, ఎప్పుడు రాశారు, ఎందుకు, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్న వివరాలు పక్కనే ఉండాలి. ఆ "ఎందుకు" రాయని నియమాన్ని ఐదేళ్ల తర్వాత తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

చాట్‌జీపీటీ సంగతి. నేను దానికి వ్యతిరేకిని కాను, వాడతాను. ఇంటర్వ్యూ రికార్డింగుల నుంచి నియమాల చిత్తుప్రతి రాయించడానికి, నాలుగు రకాలుగా వచ్చే బ్యాంకు స్టేట్‌మెంట్లలోంచి అంకెలు ఏరడానికి, ఫీల్డ్ విజిట్ నోటు సరిచేయడానికి బాగా ఉపయోగపడుతుంది, మనిషి సరిచూసుకుంటే. కానీ నియమాల బదులు దాన్నే నిర్ణయం అడిగితే రెండు చిక్కులు. అదే ఫైలును కాస్త వేరే మాటల్లో అడిగితే వేరే జవాబు రావచ్చు. ఎందుకని అడిగితే చక్కటి వివరణ రాస్తుంది, కానీ అది నిజంగా ఆ దారిలోనే వచ్చిందని గ్యారంటీ లేదు. నియమాల మీద నడిచే రూల్ ఇంజిన్ చూపించేది తను నడిచిన దారినే. ఇంకో మాట: 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. కస్టమర్ల ఆధార్, పాన్, ఖాతా కాగితాలను బయటి చాట్ బాక్సుల్లో పేస్టు చేసే అలవాటు మీ బ్రాంచిల్లో ఉంటే ఇవాళే ఆపించండి.

"అయితే మెషీన్ లెర్నింగ్ స్కోరు పెట్టుకుందాం" అని మీ ఐటీ వాళ్లు అంటారు, అంటే పాత అప్పుల రికార్డు నుంచి కంప్యూటర్ తనే నేర్చుకుని వేసే స్కోరు. లక్షల అప్పులున్న సంస్థకు అది సరే. మీలాంటి సంస్థలో మిల్లుల అప్పుల్లో మొండిగా మారినవి నేర్చుకోవడానికి సరిపడా ఉండవు. పైగా మీరు ఇవ్వనివాళ్లు ఎలా కట్టేవారో రికార్డులో ఉండదు కదా. అయితే లెక్కల పద్ధతిని తీసిపారేయకండి. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ మీల్ 1954లోనే చూపించిన సంగతి ఒకటుంది: అవే వివరాలు చేతిలో ఉన్నప్పుడు, వాటిని ఒక స్థిరమైన సూత్రంతో కలిపితే వచ్చే అంచనా అనుభవజ్ఞుల అంచనాకు తీసిపోదు, చాలాసార్లు మెరుగ్గా ఉంటుంది. మనిషి సోమవారం ఒకలా, శనివారం సాయంత్రం ఒకలా చూస్తాడు. సూత్రం అలా మారదు. మీ మేనేజర్ గారి గొప్పతనం వివరాలను కలపడంలో కంటే ఏ వివరం అడగాలో తెలియడంలో ఉంది. నియమాలు పట్టుకోవాల్సింది దాన్నే.

నిపుణుడి కన్ను, ముక్కు, చెవి మాత్రం ఏ నియమంలోకీ రావు. వ్యవసాయంలో దీనికి మన దగ్గరే రెండు దారులు కనిపిస్తాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే వ్యవసాయ విస్తరణ సంస్థ రైస్ క్రాప్ డాక్టర్ అనే ఎక్స్‌పర్ట్ సిస్టమ్ తయారుచేసింది. లక్షణాలు చెబితే వరి తెగులో పురుగో గుర్తించి ఏం చేయాలో చెప్తుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2004లో వరంగల్ జిల్లా పత్తి పొలాల్లో మొదలుపెట్టిన ఈ-సాగు ఇంకో దారి పట్టింది. ఊరి కార్యకర్త పొలాల ఫొటోలు తీసి పంపితే వ్యవసాయ నిపుణులే చూసి, ప్రతి పొలానికీ విడిగా సలహా రాసేవారు. అక్కడ కంప్యూటర్ నిపుణుడి స్థానంలోకి రాలేదు, పొలాన్ని నిపుణుడి దగ్గరికి మోసుకెళ్లింది. చూసి తెలుసుకోవాల్సిన విషయాలకు ఈ రెండో దారే మంచిది. మీ పనిలో కూడా అంతే: మిల్లు ప్రాంగణం వీడియో, నిల్వ ఫొటోలు, కొనుగోలు రిజిస్టర్ పేజీలు కమిటీ ముందుకు త్వరగా చేరేలా చూడండి. కొత్త సిరాతో ఒకే రోజు కూర్చుని రాసిన రిజిస్టర్‌ని మీ సార్ ఒక్క చూపులో పట్టేస్తారు. దానికి నేనైతే నియమం రాయలేను.

సాఫ్ట్‌వేర్ గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అది ఆఖరి పని. మొదటి కొన్ని నెలలు ఎక్సెల్‌లో నిర్ణయ పట్టికలు చాలు: ఒక్కో వరుస ఒక్కో నియమం, ఎడమ పక్క షరతులు, కుడి పక్క సలహా. ఆ పట్టికను మీ సార్ స్వయంగా చదివి "ఇది తప్పు" అని దిద్దగలగాలి. ఆయన చదవలేని రూపంలో ఉంటే ఆ పట్టిక ఆయన జ్ఞానమని చెప్పలేం. అది కుదుటపడ్డాక డ్రూల్స్ లాంటి ఉచిత రూల్ ఇంజిన్‌లోకి మార్చుకోవచ్చు. నాసా 1985లో మొదలుపెట్టిన క్లిప్స్ కూడా ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది, నేర్చుకోవడానికి బాగుంటుంది. లక్షలు పోసి ప్లాట్‌ఫాం కొనాలని ఎవరైనా మొదటి మీటింగ్‌లోనే చెబితే, పది నియమాలు రాసి చూపించమనండి.

ఇక మేనేజర్ గారి విషయం. ఈ పని ఆయనకు ఇష్టమో కాదో ఎవరైనా అడిగారా? నేను చూసినంతలో సీనియర్లు చెప్పడానికి వెనకాడరు. తమను పిండేసుకుని పంపించేస్తున్నారనిపిస్తేనే నోరు మూసుకుంటారు. ఆయన పాత్రకు తగిన గౌరవ వేతనం విడిగా ఇవ్వండి. నియమాల పట్టీలో ఆయన పేరు ఉంచండి. పక్కన కూర్చునే కుర్రవాళ్లను ఆయనే ఎంచుకోనివ్వండి. వాళ్లు నేర్చుకునేది మీ సిస్టమ్‌లోకి వెళ్లేదానికంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

చివరిగా కాలం లెక్క చూసుకోండి, మీకున్న పెద్ద చిక్కు అదే. వానాకాలం ధాన్యం కొనుగోళ్లు అక్టోబరు, నవంబరుల్లో ఊపందుకుని జనవరి దాకా నడుస్తాయి. మిర్చి గుంటూరు యార్డుకు ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య. యాసంగి ధాన్యం ఏప్రిల్ తర్వాత. సీజన్ మధ్యలో ఆయన చూసే ఫైలు వేరు, ఖాళీ నెలల్లో గుర్తుచేసుకుని చెప్పేది వేరు. మార్చిలో రిటైరైతే యాసంగి ఫైళ్లు ఒక్కటి కూడా ఆయన చేతి మీదుగా రికార్డు కావు. జూన్ ఆఖరు దాకా సలహాదారుగా ఉండేలా ఎండీ గారితో ఇప్పుడే మాట్లాడి కాగితం మీద పెట్టించండి. పాత ఫైళ్లు ఏరి, పేర్లు కప్పి సిద్ధం చేసే పని దసరా లోపు అయిపోవాలి.